‘రేకులన్నీ కంపెనీవే’ అంటున్న పాత షెవర్లే పికప్‌ను ఎలా చూడాలి?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ నాచారంలో ఒక షెడ్డులో 1951 మోడల్ షెవర్లే 3100 పికప్ చూశారు. అమ్మే ఆయన "రేకులన్నీ కంపెనీవే, పెయింట్ ఒక్కటే కొత్తది, గ్యాప్‌లు చూడండి ఎంత సమానంగా ఉన్నాయో" అంటున్నాడు. ఫోటోలు పెట్టి, ఆ మాట ఎంతవరకు నమ్మొచ్చని అడిగారు.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. బండి బాగుంది, ఆయన మాట మాత్రం నిజం కాదు. గ్యాప్, అంటే పక్కపక్క రేకుల మధ్య సందు, సమానంగా ఉందంటే పని చేసిన మేస్త్రి చెయ్యి మంచిదని అర్థం. ఆ రేకు ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో గ్యాప్ చెప్పదు. 1951 నాటి పని బండి మీద నాలుగు వైపులా గీత గీసినట్టు గ్యాప్‌లు కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

ఎందుకంటే ఈ బళ్లు అలా తయారు కాలేదు. ‘అడ్వాన్స్ డిజైన్’ అనే ఈ సిరీస్ 1947 మధ్యలో మొదలై 1955 మార్చి దాకా నడిచింది. రైతులకీ చిన్న వ్యాపారులకీ అమ్మిన బళ్లు. వీటిలో క్యాబిన్ ఒక్కటే వెల్డింగ్‌తో కట్టింది. ముందు మడ్‌గార్డులు, గ్రిల్, బానెట్, ఫుట్‌బోర్డులు, వెనక సరుకు వేసే తొట్టి, వెనక మడ్‌గార్డులు అన్నీ బోల్టుల మీద నిలబడేవే. కొన్ని చోట్ల రంధ్రాలు కాస్త పొడుగ్గా ఉంటాయి, అవసరమైన చోట షిమ్ములు, అంటే సందు సరిచేసే పలుచటి బిళ్లలు, వేస్తారు, మిగతాది లైన్‌లో నిలబడ్డ మనిషి కంటి అంచనా. అందుకే ఒక చోట 5 మిల్లీమీటర్లు, ఇంకో చోట 7 ఉన్నా నేను పట్టించుకోను. తేడా ఒక పద్ధతిలో ఉందా లేదా అన్నదే చూస్తాను. గ్యాప్ పైనుంచి కిందికి క్రమంగా పెరుగుతోందంటే ఏదో వంగింది, లేదా కుంగింది. అక్కడక్కడ హెచ్చుతగ్గులుంటే అది ఫ్యాక్టరీ అలవాటు. ఎక్కడ కొలిచినా ఒకే అంకె వస్తే, ఎవరో మేస్త్రి పుట్టీతోనూ వెల్డింగ్‌తోనూ అంచులు దిద్ది రోజులు గడిపాడు.

‘ఒరిజినల్’ అనే మాటను కూడా కాస్త విడదీసి చూడాలి. ఈ వయసు బండి మీద నాలుగు రకాల రేకు దొరుకుతుంది. మొదటిది ఈ బండితోనే పుట్టిన రేకు. రెండోది కంపెనీ రేకే, కానీ ఇంకో బండి నుంచి విప్పి తెచ్చింది. మూడోది అమెరికాలో ఈ మోడల్ కోసం ఇప్పుడు కొత్తగా అచ్చు కొట్టి అమ్ముతున్న రేకు. మడ్‌గార్డులు, ఫుట్‌బోర్డులు, క్యాబిన్ మూలలు, నేల రేకులు, మొత్తం తొట్టి కూడా కొత్తవి దొరుకుతాయి. నాలుగోది మన దగ్గర టింకరింగ్ మేస్త్రి చేత్తో కొట్టి తయారు చేసింది. అమ్మేవాళ్ల నోట్లో మొదటి మూడూ ‘కంపెనీవే’ అయిపోతాయి. ధర విషయంలో మాత్రం వీటి మధ్య చాలా దూరం ఉంది.

హైదరాబాద్‌లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది నాలుగో రకం. షెవర్లే బళ్ల కంపెనీ జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో బళ్లు బిగించేది, 1954లో ఆ పని ఆపేసింది. ఆ తర్వాత ఈ బళ్లకు మడ్‌గార్డు కావాలంటే కొనడానికి దుకాణం లేదు. గుద్దుకున్నదాన్ని సాపు చేయడం, తుప్పు పట్టినదాన్ని కోసేసి కొత్త రేకు వంచి అతకడం, అంతే దారి. పాతబస్తీలోనూ ఆటోనగర్‌లోనూ ఆ పని నేర్చిన ఉస్తాద్‌లు ఒక చెక్క దుంగ, ఇసుక సంచి, రెండు సుత్తులు, ఒక డాలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) మడ్‌గార్డు వంపు మొత్తం తీసేవాళ్లు. దాన్ని నకిలీ అని తీసిపారేయడం నాకు నచ్చదు. సరిగ్గా చేసిన చేతి పని రేకు, పలుచటి దిగుమతి రేకు కంటే ఎన్నో రెట్లు నయం. కానీ దాన్ని చేతి పని అనే చెప్పి అమ్మాలి, ఆ లెక్కనే కొనాలి.

చేతి పనిని గుర్తుపట్టడం కష్టం కాదు. పైన కాదు, వెనక చూడాలి. మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి తడిమితే సుత్తి దెబ్బల గుంటలు వేళ్లకు తగులుతాయి. అచ్చులో నొక్కిన రేకు వెనక వైపు కూడా నున్నగా, వంపు ఒకే తీరున సాగుతుంది. ఎడమ మడ్‌గార్డు, కుడి మడ్‌గార్డు ఒక అట్టముక్క మీద గీసుకుని, ఆ అట్టను తిరగేసి రెండోదానికి ఆనించి చూడండి. అచ్చువి దాదాపు సరిపోతాయి. చేత్తో చేసినవి ఎక్కడో ఒకచోట వేలు మందం తేడా చూపిస్తాయి. అంచు మడత కూడా గమనించండి. ఫ్యాక్టరీ మడత వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకటే. చేతి మడత అక్కడక్కడా సన్నబడుతుంది, మలుపు దగ్గర చిన్న కోతలు పెట్టి గ్యాస్ వెల్డింగ్‌తో కలిపిన గుర్తులుంటాయి.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో మన దేశానికి వచ్చిన వాణిజ్య బళ్లలో చాలావాటికి బాడీ ఉండేది కాదు. ఛాసిస్ (బండి అడుగు చట్రం), ఇంజిన్, ముందు భాగం వచ్చేవి, మిగతాది ఇక్కడి బాడీ బిల్డర్లు చెక్క చట్రం మీద రేకు కొట్టి కట్టేవాళ్లు. అడ్వాన్స్ డిజైన్ ఫ్యాక్టరీ క్యాబిన్ పూర్తిగా ఉక్కు. డోర్ పిల్లర్ లోపల గానీ పైకప్పు అంచులో గానీ చెక్క తగిలితే అది ఫ్యాక్టరీ క్యాబిన్ కాదు. అలాంటి బండికి ఆ చెక్క క్యాబిన్నే మొదటి బాడీ అయి ఉండొచ్చు, దాని విలువ దానిది. మీ ఫోటోల్లో డోర్ ఫ్రేమ్ రేకు అచ్చుదిలాగే ఉంది కాబట్టి మీ విషయంలో ఈ గొడవ లేదనే అనుకుంటున్నాను.

ఇక సంవత్సరం. గ్యాప్‌లు కొలవకముందే కొన్ని విషయాలు నిలబడి చూస్తేనే తేలిపోతాయి. ముందు అద్దం రెండు ముక్కలు, మధ్యలో పట్టీ, గ్రిల్‌కి ఐదు అడ్డపట్టీలు: ఇవి 1953 వరకు ఉన్న రూపం. 1954లో అద్దం ఒకే వంపు ముక్క అయింది, గ్రిల్ మారింది, తొట్టి కూడా మారింది. కాబట్టి మీ బండి ముఖం 1951కి సరిపోతుంది. డోర్‌లో ముందు వైపు తిప్పుకునే చిన్న మూడుమూలల అద్దం 1951లోనే వచ్చింది, అదీ సరే. కానీ మీ నాలుగో ఫోటోలో డోర్ హ్యాండిల్ చూడండి. బొటనవేలితో బటన్ నొక్కి తెరిచే రకం. అది 1952లో వచ్చింది. 1951 వరకు కిందికి తిప్పే హ్యాండిల్. అంటే ఆ డోర్లు తర్వాతి మోడల్ నుంచి వచ్చాయి, లేదా బండి 1951ది కాదు. రెండింటిలో ఏది నిజమైనా "అన్నీ దీనితో వచ్చినవే" అన్న మాట అక్కడితో ఆగిపోయింది. రెండు డోర్లకీ అదే హ్యాండిల్ ఉంది కాబట్టి నా అనుమానం మోడల్ సంవత్సరం మీద కూడా ఉంది. ఆర్సీ తెచ్చి చూపించమనండి.

పెట్రోల్ ట్యాంకు కూడా ఇలాంటి సాక్ష్యమే. 1949 నుంచి ఈ పికప్‌లలో ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనక ఉంటుంది. పెట్రోల్ పోసే మూత డోర్ వెనకాల క్యాబిన్ పక్కకు వస్తుంది. మీ ఫోటోలో ఆ మూత లేదు, తొట్టి పక్కన ఒకటి కనిపిస్తోంది. సీటు వెనక పెట్రోల్ వాసన, భయం భరించలేక చాలామంది ట్యాంకును తొట్టి కిందికి మార్చుకుంటారు, అందులో తప్పేం లేదు. కానీ అలా మార్చినప్పుడు క్యాబిన్ పక్క రంధ్రం మూయాలి. "పెయింట్ ఒక్కటే కొత్తది" అన్న ఆయన్ని ఆ రంధ్రం ఎక్కడికి పోయిందో అడగండి. సీటు ముందుకు లాగి లోపలి వైపు నుంచి టార్చి వేస్తే గుండ్రటి అతుకు కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. అందరూ డోర్ దగ్గర మొదలుపెడతారు. నేను నేల దగ్గర మొదలుపెడతాను. బండిని చదునైన చోట నిలబెట్టమనండి. షెడ్డులో మట్టి నేల మీద గ్యాప్ చూసి ఏమీ తేల్చకూడదు. టైర్ల గాలి సమానంగా ఉండాలి. దూరంగా, సరిగ్గా వెనక నిలబడి తొట్టి పై అంచు, క్యాబిన్ పైకప్పు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత పక్కకు వచ్చి క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందు చూడండి. పైనా కిందా ఒకేలా లేకపోతే మూడు కారణాలు ఉండొచ్చు: ఫ్రేమ్ మధ్యలో కుంగింది, తొట్టి కింద చెక్కలు పోయాయి, లేదా క్యాబిన్ ముందుకు వాలింది. మూడోది చాలా మామూలు. ఈ క్యాబిన్ ఫ్రేమ్ మీద నేరుగా కూర్చోదు. రబ్బర్ల మీద, వెనక వైపు ఊగే లింకుల మీద ఉంటుంది, కంపెనీ దీన్ని గొప్పగా చెప్పుకునేది కూడా. డెబ్భై ఏళ్లలో ఆ రబ్బర్లు నలిగిపోతే క్యాబిన్ ఒక మూల దిగుతుంది. దాంతో బానెట్ గ్యాప్ చెడుతుంది, మడ్‌గార్డు డోర్‌కి రాసుకుంటుంది. రేకుకు ఏ పాపం తెలియదు. రబ్బర్లు మారిస్తే సగం గ్యాప్‌లు వాటంతట అవే సర్దుకుంటాయి. ఇది తెలియని మేస్త్రి డోర్ అంచు కోసి, అక్కడ రేకు అతికి, ఇక్కడ పుట్టీ పెట్టి సమానం చేస్తాడు. తర్వాత మీరు రబ్బర్లు మార్చిన రోజు అన్ని గ్యాప్‌లూ ఒకేసారి తప్పుతాయి. కాబట్టి బండి కిందికి దూరి రబ్బర్లు చూడకుండా గ్యాప్ గురించి మాట్లాడొద్దు.

ఫ్రేమ్ వంకర చూడటానికి పెద్ద మిషన్ అక్కర్లేదు. ఒక పక్క ముందు స్ప్రింగ్ పిన్ను నుంచి రెండో పక్క వెనక స్ప్రింగ్ పిన్ను దాకా టేపుతో కొలవండి. తర్వాత అటు నుంచి ఇటు. రెండు ఏటవాలు కొలతలూ దాదాపు సమానంగా ఉండాలి. వేలెడు తేడా ఉంటే ఆ బండి ఎప్పుడో గట్టిగా తగిలింది.

డోర్ దగ్గర మాత్రం ఓపిగ్గా నిలబడండి. డోర్ సగం తెరిచి, వెనక అంచు కింద చేయి పెట్టి పైకి ఎత్తండి. కదిలితే కబ్జాల, అంటే డోర్ తిరిగే బందుల, పిన్నులు అరిగాయి. అది చిన్న పని. పిన్నులు బిగుతుగానే ఉండి, డోర్‌తో పాటు పిల్లరే కదులుతుంటే, ముందు పిల్లర్ అడుగు తుప్పు తినేసింది. అది పెద్ద పని, క్యాబిన్ కిందిభాగం కోయాలి. ఇప్పుడు డోర్ మూసి, గ్యాప్ కొలవండి. కొలతకు డ్రిల్ బిట్‌లు వాడండి. 4, 5, 6, 7 మిల్లీమీటర్ల బిట్‌ల వెనక కాడ ఒక్కొక్కటి గ్యాప్‌లో పెట్టి, ఏది ఇరుక్కోకుండా దూరుతుందో రాసుకోండి. డోర్ చుట్టూ ఎనిమిది చోట్ల. రెండు డోర్లకీ. ఆ కాగితం చూస్తే బండి కథ సగం అర్థమవుతుంది.

తర్వాత జాకీ పరీక్ష. అమ్మే ఆయన ఒప్పుకుంటే క్యాబిన్ వెనక ఫ్రేమ్ కింద జాకీ పెట్టి ఒక పక్క కొంచెం లేపి డోర్ మళ్లీ తెరిచి మూయండి. ఇలాంటి నిచ్చెన ఆకారపు ఫ్రేమ్ కొంత మెలి తిరుగుతుంది, క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య సందు కాస్త మారడం సహజం. డోర్ గ్యాప్ మారకూడదు. మారితే క్యాబిన్ గడపలో, అంటే డోర్ కింద పొడుగ్గా ఉండే పెట్టెలో, బలం పోయింది. పైన ఎంత నున్నటి పెయింట్ ఉన్నా లెక్కలేదు. మీ రెండో ఫోటోలో డ్రైవర్ డోర్ గ్యాప్ వెనక వైపు పైన సన్నగా, కిందికి వచ్చేసరికి వెడల్పుగా ఉంది. ఇది కబ్జాలా, గడపా అన్నది ఫోటోలో తేలదు. పైన చెప్పిన రెండు పరీక్షలూ చేస్తే తేలుతుంది.

డోర్ తెరిచినప్పుడే రబ్బర్ బీడింగ్ వేళ్లతో పక్కకు లాగండి. దాని కింద రేకుల అంచులు కలిసే చోట స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఉండాలి. గుండ్రంగా, కొంచెం లోపలికి నొక్కుకుని, ఒకదానికీ ఒకదానికీ దూరం ఇంచుమించు సమానంగా. ఒరిజినాలిటీకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ చుక్కలకే. ఎందుకంటే పైన రేకు ఎవరైనా నున్నగా దిద్దుతారు, రబ్బర్ కింద చుక్కలు తిరిగి పెట్టే ఓపిక నూటికి ఒకరికి కూడా ఉండదు. చుక్కల బదులు పొడుగాటి వెల్డింగ్ గీత ఉంటే అక్కడ రేకు మారింది. గీత పసుపు రంగులో ఉంటే ఇత్తడి పెట్టి అతికిన పాత కాలం పని. పొడుచుకొచ్చిన బుడిపెలు, చుట్టూ చిన్న చిన్న తుంపరలు ఉంటే సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చేసే, వెల్డింగ్. ఆ పద్ధతి వాడుకలోకి వచ్చిందే 1953లో, మన గ్యారేజీలకు చేరింది ఇంకా చాలా ఆలస్యంగా. కాబట్టి 1951 క్యాబిన్ మీద సీఓటూ బుడిపె కనబడితే అక్కడ చెయ్యి పడిందని తేలిపోయినట్టే, వాదనకు చోటే లేదు.

క్యాబిన్ వెనక కింది రెండు మూలలు, ముందు వైపు కాళ్ల దగ్గర పక్క రేకు, నేల ముందు మూలలు, డోర్ల అడుగు అంచు, ముందు మడ్‌గార్డు వెనక తోక. ఈ మోడల్ ఎక్కడున్నా ముందు కుళ్లేది ఇక్కడే. క్యాబిన్ మూల రెండు రేకుల మధ్య ఖాళీగా ఉంటుంది. దుమ్ము, చెమ్మ లోపలికి చేరి బయటికి పోలేక లోపలి నుంచి తింటాయి. బయట బుడగ కనిపించే సరికి లోపల జల్లెడ అయిపోయి ఉంటుంది. అక్కడ అయస్కాంతం పెట్టి చూడండి. ఫ్రిజ్ మీద అంటించే మెత్తటి రకం చాలు, బలమైన అయస్కాంతం పుట్టీ మీద కూడా పట్టేసుకుని మోసం చేస్తుంది. పెయింట్ గీసుకోకుండా పలుచటి గుడ్డ వేసి, మూల పైనుంచి కిందికి జరుపుతూ రండి. పట్టు ఎక్కడ వదులుతుందో అక్కడ పుట్టీ మొదలైంది. వేలి కణుపుతో కొట్టినా తెలుస్తుంది, రేకు మోగుతుంది, పుట్టీ చెక్క తలుపు కొట్టినట్టు చప్పబడుతుంది. పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ మూలల కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు.

పెయింట్ మందం కొలిచే మీటర్ అద్దెకో అరువుకో దొరికితే తీసుకెళ్లండి. కానీ అంకెను కొత్త కారు అంకెతో పోల్చొద్దు. కొత్త కార్ల మీద 100, 150 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు) చూసి అలవాటైన వాళ్లు, రెండు మూడు సార్లు పెయింట్ పడిన పాత బండి మీద 300 చూసి గాభరా పడతారు. 300 ఉన్నా అంతటా 300 ఉంటే నాకు టెన్షన్ లేదు. పైకప్పు మీద 300, మూల మీద 1,500 అయితే ఆ మూలలో మిల్లీమీటరు పైన పుట్టీ ఉంది. కొన్ని మీటర్లకు మరీ మందమైతే అంకె కూడా రాదు, అదీ ఒక జవాబే.

బోల్టులు. వీటిని ఎవరూ చూడరు, అందుకే ఇవి అబద్ధం చెప్పవు. ఆ కాలపు అమెరికా బండి మీద బోల్టులన్నీ అంగుళాల లెక్క. మడ్‌గార్డు క్యాబిన్‌కి కలిసే చోట, ఫుట్‌బోర్డు కింద, బానెట్ కబ్జాల దగ్గర బోల్టు తలలు చూడండి. తల మీద 8.8 అని అంకె ఉంటే అది మిల్లీమీటర్ బోల్టు, మన కాలం సరుకు. ఒకటి రెండు ఉంటే ఏం కాదు. ఒక మడ్‌గార్డుకి అన్నీ అవే ఉంటే ఆ మడ్‌గార్డు ఒకసారి పూర్తిగా దిగింది. రంధ్రాలను రౌండ్ ఫైల్‌తో రాసి పొడుగు చేసిన గుర్తులుంటే, ఆ రేకు ఈ బండి కోసం పుట్టింది కాదు, లేదా బండి రూపు మారింది. మీ ఆరో ఫోటోలో కుడి మడ్‌గార్డు కింద కొత్త జింకు పూత బోల్టులు మెరుస్తున్నాయి. ఎడమ వైపు ఫోటో మీరు పెట్టలేదు.

కొత్తగా అచ్చు కొట్టిన అమెరికా రేకు గురించి ఒక మాట. అది నల్లటి ప్రైమర్ పూతతో వస్తుంది. మడ్‌గార్డు లోపల, బ్రాకెట్ల వెనక పెయింట్ గన్ చేరని చోట సమానమైన నలుపు కనిపిస్తే అదే. మందం కూడా చూడొచ్చు. 18 గేజ్ రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ సుమారు 0.9. అంచు దగ్గర మందం కొలిచే వెర్నియర్ పెట్టి ఎడమ, కుడి పోల్చండి. ఒకటి మందం, ఒకటి పలుచన అయితే రెండూ ఒకే రోజు పుట్టలేదు. ఈ బళ్లలో బానెట్ వెనక కబ్జాల మీద పైకి లేస్తుంది. దాని ముందు అంచు, గ్రిల్ పైపట్టీ మధ్య ఉండే గ్యాప్ చాలా బళ్ల మీద వంకరగానే ఉంటుంది, నేను దానికి మార్కులు తీయను.

తొట్టి ఇంకా తేలిక. ఒరిజినల్‌గా నేల చెక్క పలకలు, మధ్యలో ఉక్కు పట్టీలు. మన దగ్గర ఆ చెక్క పోయి గళ్ల రేకు పడటం మామూలే, ఎవరూ తప్పు పట్టరు. కొత్తగా టేకు వేసి పాలిష్ చేసి ఉంటే చూడ్డానికి బాగుంటుంది గానీ అది కంపెనీ కర్ర కాదు, అమెరికాలో వాడింది పైన్. నేను చూసేది వెనక డోర్. దాని మీద షెవర్లే అని అక్షరాలు రేకులోనే ఉబ్బెత్తుగా నొక్కి ఉంటాయి. వెనక వైపు నుంచి చూస్తే ఆ అక్షరాలే గుంటలుగా, అంచులు స్పష్టంగా ఉండాలి. ముందు అక్షరం ఉండి వెనక నున్నగా ఉంటే అది అతికించిన అక్షరం.

అడుగున ఉన్న రంగు కూడా వెతకండి. డ్యాష్‌బోర్డు కింద, గ్లవ్ బాక్స్ వెనక, సీటు కింద ఎవరూ కష్టపడి పెయింట్ వేయరు. అమెరికాలో 1951 నాటికి వీటి మామూలు రంగు ‘ఫారెస్టర్ గ్రీన్’ అనే ముదురు ఆకుపచ్చ. మన దేశంలో బిగించిన బండికి వేరే రంగు ఉండొచ్చు, అది అడ్డు కాదు. నాకు కావాల్సింది క్యాబిన్ లోపల ఒక రంగు, డోర్ లోపల ఇంకో రంగు ఉందా అన్నది. లోపలి ప్యానెల్ విప్పనిస్తే డోర్ కడుపులోకి టార్చి వేసి చూడండి. హ్యాండిల్ కథ నిజమైతే అక్కడ వేరే రంగు బయటపడుతుంది. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడను ఇంజిన్ వైపు నుంచి చూడండి, స్టీరింగ్ ఎడమ నుంచి కుడికి మార్చిన బండైతే ఎడమ వైపు పెద్ద అతుకు ఉంటుంది.

మన ఊరికి సంబంధించిన జాగ్రత్త ఒకటి. విశాఖ, కాకినాడ వైపు ఉన్న బండితో పోలిస్తే హైదరాబాద్‌లో నిలబడిన బండికి తుప్పు తక్కువ, ఉప్పు గాలి లేదు కాబట్టి. కానీ 2020 అక్టోబరు వరదల్లో ఇక్కడ ఎన్నో బళ్లు నీళ్లలో నిలిచాయి. ఈ పికప్ అప్పుడు ఎక్కడుందో అడగండి. జవాబు ఏదైనా సరే, డోర్ ప్యానెల్ వెనక, సీటు స్ప్రింగుల్లో, క్యాబిన్ మూలల్లో ఎండిపోయిన సన్నటి ఒండ్రు గీత కోసం వెతకండి. కడిగినా ఆ మూలల్లో మిగిలిపోతుంది.

కాగితాల వైపు కూడా ఇదే ప్రశ్న తిరిగొస్తుంది. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకు వేరే రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, సొంతానికి మాత్రమే వాడే రెండు, నాలుగు చక్రాల బళ్లకు అది. ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త నంబర్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మీ పికప్ ఆర్సీలో గూడ్స్ బండిగా ఉంటే, దానికి ఇది ఇస్తారా లేదా అన్నది డబ్బు కట్టకముందే ఖైరతాబాద్ ఆర్టీఏలో అడిగి తెలుసుకోండి. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్, ఫ్రేమ్ మీద కొట్టిన నంబర్ ఒకటేనా అని పెన్సిల్ ముద్ర తీసి పోల్చండి. డోర్ పిల్లర్ మీది నంబర్ ప్లేటును మాత్రం నమ్ముకోవద్దు, దాన్ని విప్పి ఇంకో క్యాబిన్‌కి బిగించడం నిమిషాల పని.

కొనాలా వద్దా అంటారా? నేనైతే కొనే ఆలోచనతోనే వెళ్తాను, కానీ ‘కంపెనీ రేకుల బండి’ ధరకు కాదు. ఎవరో మంచి మేస్త్రి ప్రేమగా బాగు చేసిన బండి ధరకు. గ్యాప్‌ల మీద వాదనకు దిగకండి, ఆయన ఎలాగూ గెలుస్తాడు, నిజంగానే అవి బాగున్నాయి కదా. డోర్ హ్యాండిల్, పెట్రోల్ మూత, కొత్త జింకు బోల్టులు, ఈ మూడూ మర్యాదగా చూపించి, పని ఎక్కడ చేయించారో అడగండి. ఆ మేస్త్రి పేరు చెప్పి, పని జరుగుతున్నప్పటి ఫోటోలు చూపిస్తే ఆయన మీద నాకు నమ్మకం పెరుగుతుంది, ఇంకో పాతిక వేలు ఎక్కువైనా బాధపడను. "నాకేం తెలీదు, నేను కొన్నప్పుడే ఇలా ఉంది" అంటే మూలల్లో ఏముందో ఎవరికీ తెలియదన్నమాట, ధర ఆ లెక్కన మాట్లాడండి. రెండోసారి వెళ్లేటప్పుడు ఒక టింకరింగ్ మేస్త్రిని రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. మెకానిక్ సరిపోడు, ఆయన చూపు ఇంజిన్ మీదే ఉంటుంది.

పగటి వెలుగులో ఈ నాలుగు ఫోటోలు తీసి పెట్టండి: డ్రైవర్ డోర్ రబ్బర్ పక్కకు లాగి కింద అంచు, సీటు వెనక క్యాబిన్ గోడ లోపలి వైపు, క్యాబిన్ వెనక మూల అడుగు నుంచి పైకి, ఎడమ ముందు మడ్‌గార్డు బోల్టులు. డ్రిల్ బిట్‌ల కొలతల కాగితం కూడా పెడితే గడప సంగతి, డోర్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పగలను.